గెడ్డ అలారం పేజీ

జూన్ 14, శనివారం

కోడుకొట్టు నుంచి బయటికి వచ్చేశాను. ఖాతా తీసేశాను. ఉపేంద్రా నేనూ ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎం.సీ.ఏ. చదివేటప్పుడు సరదాగా మొదలుపెట్టిన కోడింగ్ ఫోరం. మా ఇద్దరి పెళ్లిళ్లకంటే పాతది. ఒక్క నొక్కుతో అయిపోయింది. బాధ లేదు. ఒంట్లోకి కొత్త కరెంటు వచ్చినట్టుంది.

జరిగింది రాసిపెట్టుకోవాలి, రేపటికి మెత్తబడిపోకుండా. పింకీ అనే అమ్మాయి, రామతీర్థం దగ్గర ఏదో పల్లె, మొదటిసారి ఒక ప్రశ్న అడిగింది. గెడ్డలో నీళ్లు పెరిగితే ఊరివాళ్ల ఫోన్లు మోగేలా చిన్న బోర్డుతో అలారం చేస్తున్నాను, సెన్సార్ ఎక్కడ బిగించాలి, అని. ఎంత చక్కటి ప్రశ్న! కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే గెడ్డ, ఈ కొండవాగు, పొంగే ఊళ్లు మావన్నీ. దానికి నరసింగరావు గారి జవాబు: "ఇది పది సార్లు చెప్పినాం. వెతుక్కోడం రానోళ్లకి కోడింగు ఎందుకు? వంట నేర్చుకోవచ్చు గదా." ఆయన విజయనగరంలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆ జవాబు కింద నలుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. పింకీ "క్షమించండి సార్" అని రాసి మరి కనపడలేదు.

నేను మాస్టారిని కడిగేశాను. గొడవ ముదురుతోందని ఉపేంద్ర వచ్చి, ఇక ఎవరూ రాయకుండా ఆ చర్చకే తాళం వేశాడు. తిట్టినవాణ్ణి వదిలేసి చర్చకి తాళం!

జూన్ 15

నిజంగా పది సార్లు చెప్పారా అని ఖాతా లేకుండానే వెతికాను. చెప్పారు. ఒకచోట సగం జవాబు. ఇంకోచోట దాన్ని కాదన్న జవాబు. మధ్యలో ఎవరి మేనల్లుడి పెళ్లిలోనో వడ్డించిన పనసపొట్టు కూర గురించి పెద్ద చర్చ. ఒకాయన తన ప్రశ్న కింద తనే "దొరికింది, థాంక్స్" అని రాసి వెళ్లిపోయాడు. ఏం దొరికింది నాయనా? చెప్పి పోవచ్చు కదా!

దీనికి మందు ఒక్కటే. వికీ. ఒక విషయానికి ఒకే పేజీ. తెలిసినవాళ్లు వచ్చి చేరుస్తారు, తప్పుంటే దిద్దుతారు. కావలసినవాళ్లు ఎవరి ముందూ తల వంచకుండా చదువుకుని పోతారు. ఎవరినీ "సార్, క్షమించండి" అనక్కర్లేదు.

జూన్ 17

పేరు దొరికింది. పలక!

జూన్ 20

పలక లేచింది! పొద్దున్న బావ ఎరువుల కొట్టు తెరిచేసరికి నేను కౌంటర్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. యూరియా కోసం వచ్చిన రైతులు నా ముఖం చూసి నవ్వుకున్నారు. అంత వెలిగిపోతోందేమో.

మా ఆయన మోహనకృష్ణ బావకి కోడింగ్ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అయినా అడుగుతాడు. అది ఆయన మంచితనం.

"ఎవుడైనా వచ్చి రాయొచ్చంటావు. డబ్బులివ్వవు. పేరు కూడా పైన ఎయ్యవు. మరెవుడొస్తాడే?"

"వస్తారు బావా, నువ్వు సూస్తుండు."

"రానీ, సూద్దాం" అని బస్తా కుట్టు విప్పడానికి వెళ్లిపోయాడు.

జూన్ 28

ఇరవై పేజీలు దాటాయి. ఫోరంలో పదేళ్లుగా చెల్లాచెదురుగా పడి ఉన్నదంతా ఏరి, కడిగి, వరసలో పెడుతున్నాను. ఆనందంగా ఉంది. అన్నం దగ్గర కూడా వాక్యాలే వస్తున్నాయి. ఈ రోజు గెడ్డ అలారం పేజీ పూర్తయింది. అన్నిటిలోకీ ఇదే బాగా వచ్చింది. పింకీ ఎక్కడున్నా ఇది చదవాలి.

సెన్సార్ సంగతి: అది శబ్దాన్ని కిందికి పంపుతుంది, నీటికి తగిలి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి నీరెంత దూరంలో ఉందో చెబుతుంది. వాన తగలకుండా దాన్ని పీవీసీ గొట్టంలో బిగించాలని ఫోరంలో ఎవరో రాశారు. బొమ్మ గీసి మరీ పెట్టాను.

జూలై 6

ఎవరూ రాయలేదు. చదువుతున్నారు మాత్రం. లెక్క కనపడుతోంది. మనవాళ్లకి సిగ్గెక్కువ.

జూలై 11

సిగ్గే. ఇంకేమీ కాదు.

జూలై 13

ఉపేంద్ర ఫోన్ చేశాడు. విజయనగరంలో వాడి కంప్యూటర్ సెంటర్ నుంచి. వెనకాల పిల్లల టైపింగ్ చప్పుడు వినిపిస్తోంది.

"అరుణా, నీ పలక సూసినాను. బాగున్నాది."

"బాగుంటే ఒక ముక్క రాయొచ్చు గదా."

"రాయను. అందులో మనుషులు లేరు."

"మనుషులెందుకు? పని తెలిస్తే సాలదా?"

"పని ఎలగ తెలుస్తాది? ఒకడు తప్పు సెప్తాడు. ఇంకొకడు కాదంటాడు. మూడోవోడు సేసి సూసి ఫోటో పెడతాడు. ఆ కొట్లాటలోంచే గదా మనకి తెలిసింది. నువ్వు కొట్లాటంతా తీసీసి ఆఖరి మాట ఒక్కటే ఉంచినావు. అది ఎవుడి మాటో, ఎంతవరకు నమ్మాలో నాకేటి తెలుస్తాది?"

"ఆ కొట్లాట సూసే పింకీ ఎల్లిపోనాది ఉపేంద్రా."

అక్కడ ఎవరో పిల్లాణ్ణి కేకేశాడు. తర్వాత "ఉంటాను" అన్నాడు.

గెలిచాను అనిపించింది. గెలిచాక ఒక కాఫీ తాగాను. రుచి తెలియలేదు.

జూలై 20

ఈ రోజు కొట్లో బావ అన్న మాట: "నువ్వొక్కదానివే రాస్తన్నప్పుడు దానికీ నీ డైరీకీ తేడా ఏటి?"

తేడా ఉంది. చాలా ఉంది. తర్వాత రాస్తాను.

జూలై 27, ఆదివారం

రోజంతా గెడ్డవలసలో! మా కన్నవారి ఊరు. మాటలతో కాదు, చేసి చూపిస్తాను అనుకుని అలారం పట్టుకెళ్లాను. లక్ష్మణమ్మ పిన్ని, రాముడు చిన్నాన్న కల్వర్టు దగ్గరికి వచ్చారు. ఊరు ఇటు, పొలాలు అటు, మధ్యలో గెడ్డ. నీళ్లు పెరిగితే కల్వర్టు మునుగుతుంది, అటున్నవాళ్లు అటే. నిరుడు పిన్ని వాళ్ల పాడిగేదె అక్కడే కొట్టుకుపోయింది. చిన్నాన్న దాని పలుపు పట్టుకుని కొంతదూరం వెళ్లి, తుమ్మచెట్టు దొరికి బతికాడు.

నా పేజీలో ఉన్నది ఉన్నట్టు చేశాను. గొట్టం, బోర్డు, సిమ్, బ్యాటరీ. నీరు గీత దాటితే ఊళ్లో అందరి ఫోన్లకీ కాల్ వెళ్తుంది, నా గొంతు వినపడుతుంది: "గెడ్డ పెరుగుతోంది. దయచేసి అందరూ ఇవతలి ఒడ్డుకి రండి." చిన్నాన్న ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విని, "రేడియోలాగ మాటాడినావు" అన్నాడు. పిన్ని నా తల నిమిరింది.

పొలం గట్టున నిలబడి పకోడీ తిన్నాం. ఇంత సంతోషం ఈ మధ్య ఎరగను.

ఆగస్టు 3

వచ్చారు! మొదటి మనిషి! పలకలో నేను కాకుండా ఇంకొకరు మార్పు చేశారు! పేరు "గెడ్డపిల్ల". కొట్లోంచి లోపలికి, లోపల్నుంచి కొట్లోకి నాలుగుసార్లు తిరిగాను. బావ అరిచాడు, "కూకోవే, పడిపోతావు!"

ఏ పేజీలో అనుకుంటున్నావు? గెడ్డ అలారంలోనే!

తర్వాత.

చదివాను. గొట్టం గురించి నేను రాసిన పేరా మొత్తం కొట్టేసి ఇలా పెట్టారు: "గొట్టంలో పెట్టకండి. వానల్లో కందిరీగలు లోపల మట్టిగూడు కడతాయి. నీళ్లు రాకపోయినా వచ్చినట్టు చూపిస్తాది."

కందిరీగలట! నా బొమ్మ కూడా తీసేశారు. ఎవరో తెలియదు, ఎక్కడ చేశారో రాయలేదు, ఫోటో లేదు. ఇలాగైతే రేపు ఎవరైనా ఏదైనా రాస్తారు. పాత పేరా తిరిగి పెట్టేశాను. కారణం రాయాలి కాబట్టి రాశాను: "ఆధారం లేని మాట. తెలియకుండా మార్చవద్దు."

పేజీ బాగుండాలంటే ఎవరో ఒకరు కాపలా ఉండాలి.

ఆగస్టు 5

గెడ్డపిల్ల మరి రాలేదు. మంచిదే.

ఆగస్టు 17

ఎలా రాయాలి.

ఊడుపులు జోరుగా ఉన్నాయి. ఊరంతా గెడ్డకి అటువైపే. పొద్దున్న పదిన్నరకి అందరి ఫోన్లూ మోగాయి. గెడ్డ పెరుగుతోంది, ఇవతలికి రండి. నా గొంతు. ఆడవాళ్లు నారు కట్టలు ఎక్కడివక్కడ వదిలేసి పరిగెత్తారు. కల్వర్టు నాచు మీద ఒకామె జారి పడింది, మడమ బెణికింది. తీరా చూస్తే గెడ్డలో నీళ్లు పాదాలు కూడా తడపడం లేదు. మళ్లీ మోగింది. మళ్లీ మోగింది. కూలీలు ఆ పూట మరి పొలంలోకి దిగలేదు.

చిన్నాన్న ఫోన్‌లో అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "అమ్మా, నీ గొంతుతోనే అబద్ధం సెప్పించినావు గదే" అన్నాడు. సిమ్ పీకేశాడట.

ఆగస్టు 18

బ్యాటరీ తేడా అయ్యుంటుంది. చెమ్మకి అలాగే అవుతుంది.

ఆగస్టు 19

బ్యాటరీయే.

ఆగస్టు 20

గెడ్డవలస వెళ్లి గొట్టం విప్పాను. లోపల పిడికెడంత మట్టిగూడు. సెన్సార్‌కి ఎదురుగా, గొట్టానికి అడ్డంగా. శబ్దం దానికి తగిలి తిరిగొస్తోంది. నీరు అంత దగ్గరికి వచ్చేసిందని బోర్డు అనుకుంటోంది. గూడు పగలగొడితే కందిరీగ ఒకటి నా చుట్టూ తిరిగి వెళ్లిపోయింది. కుట్టలేదు.

రైలు దిగి, ఇంటికొచ్చి, ఆ పేజీ చరిత్ర తెరిచాను. వికీ ఏదీ మరిచిపోదు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అన్నీ ఉంటాయి. గెడ్డపిల్ల మాట ఉంది. దాని పైన నాది: ఆధారం లేని మాట. తెలియకుండా మార్చవద్దు. పక్కన నా పేరు, అరుణశ్రీ, స్పష్టంగా.

"వంట నేర్చుకోవచ్చు గదా" అనలేదు. మాస్టారికీ నాకూ అంతే తేడా.

ఆగస్టు 21

గెడ్డపిల్లని ఎలా పట్టుకోవాలి? పలకలో ఆ పేరుకి మెయిల్ లేదు, నెంబరు లేదు. ఆడో మగో కూడా తెలియదు. మనుషులు అక్కర్లేదనుకుని కట్టాను. ఇప్పుడు ఒక మనిషి కావాలి.

గెడ్డల గురించి మాట్లాడుకునేవాళ్లు ఉండే చోటు నాకు ఒక్కటే తెలుసు.

ఆగస్టు 22

కోడుకొట్టులో కొత్తగా ఖాతా తెరిచాను. పేరు పక్కన "కొత్త సభ్యురాలు" అని పడింది! నేను కట్టిన ఫోరంలో! నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత. అనుమతి ఇవ్వాల్సింది ఉపేంద్ర. వాడే ఫోన్ చేశాడు. దెప్పుతాడని ఫోన్ చెవికి దూరంగా పెట్టుకున్నాను.

"పింకీ చర్చకి తాళం తీసీసినాను" అన్నాడు. "అప్పుడే తియ్యాల్సినాది. అక్కడే అడుగు."

అడిగాను. ఉన్నది ఉన్నట్టు, గూడు ఫోటోతో సహా: నా అలారం అబద్ధం చెప్పింది, ఊరు నమ్మడం మానేసింది, పలకలో గెడ్డపిల్ల ముందే హెచ్చరిస్తే నేనే తీసేశాను, ఆ మనిషి ఎవరో తెలిస్తే చెప్పండి.

మొదటి జవాబు నరసింగరావు మాస్టారిది. "గొట్టంలో పెట్టమన్న తెలివైనోడు ఎవుడు?" ఆ వెంటనే ఇంకొకటి: "ఒక్క సాక్షిని నమ్మి ఊరిని పరిగెట్టిస్తారా? కల్వర్టు గోడకి తేలే బిరడా స్విచ్ ఒకటి పెట్టండి. నీళ్లు వస్తే బిరడా లేస్తాది. సెన్సారూ, బిరడా రెండూ అవునంటేనే మోగాల." కింద చేత్తో గీసిన బొమ్మ, ఫోటో తీసి. నోరు చెడ్డదే గానీ బొమ్మ ఎంత బాగుందో!

ఆగస్టు 24

దొరికింది! దొరికింది! "గెడ్డపిల్లని నానే మేడం. పింకీని." అని రాసింది. ఎవరి కోసం పలక కట్టానో ఆ అమ్మాయే! నెంబరు ఇచ్చింది. ఫోన్ చేస్తే మాట తిన్నగా, పొట్టిగా ఉంది. "ఆదివారం వస్తాను" అంది, అంతే.

ఆగస్టు 31, ఆదివారం

పింకీ శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ప్యాసింజర్ దిగింది. ఎవరో కుర్రపిల్ల అనుకున్నాను. పాతికేళ్లుంటాయి, పెళ్లయింది, చేతిలో పెద్ద ప్లాస్టిక్ బుట్ట. ఎచ్చెర్లలోనే బీఎస్సీ చేసిందట, నాకు జూనియర్! ప్లాట్‌ఫాం మీద బెంచీ మీదే కూర్చుండిపోయాం.

నేను క్షమాపణ మొదలుపెట్టాను. మధ్యలోనే ఆపేసింది.

"మేడం, ఒక మాట సెప్పనా? ఆ ఫోరంలో మాస్టారు తిట్టినారు. మీ పలకలో మీరు తుడిపీసినారు. తిట్టినోడే నయం."

"అదేటి?"

"తిట్టితే నా ప్రశ్న అక్కడే ఉన్నాది గదా. తిట్టూ ఉన్నాది. సదివినోళ్లకి తెలుస్తాది ఎవురిది తప్పో. మీరు తుడిపీస్తే నాను అసలు లేనట్టే."

 వికీ చరిత్రలో ఉందిలే అని చెప్పబోయాను. చరిత్ర ఎవరు తెరుస్తారు? నేనే తెరవలేదు, గూడు విప్పేదాకా.

"ఆధారం అడగొచ్చు మేడం. తప్పు లేదు. అడిగుంటే సెప్పుదును. మాకు రెండుపాలి మోగింది అబద్ధంగా. మా మావ బోర్డు గెడ్డలోకి ఇసిరీసినాడు. మళ్లీ సేసినాను."

"ఎక్కడ అడుగుదును, నీ నెంబరు లేదు గదా?"

పింకీ నా ఫోన్ తీసుకుని పలక తెరిచి, ప్రతి పేజీ పైనా మూలన ఉండే చిన్న మాట మీద వేలు పెట్టింది. "చర్చ". వికీతో పాటే వచ్చింది, ప్రతి పేజీ వెనకా ఒక ఖాళీ చర్చ పేజీ. నేను దాన్ని ఎప్పుడూ తెరవలేదు. అక్కర్లేదనుకున్నాను. గెడ్డ అలారం చర్చ పేజీలో ఆగస్టు 4న ఆమె రాసిన మూడు పేరాలు ఉన్నాయి. ఏ కల్వర్టు, ఏ తేదీ, గూడు ఎంత, మావ ఏమన్నాడు. నా కోసం. అన్నీ అక్కడే ఉన్నాయి.

ప్లాట్‌ఫాం మీద ఏడ్చాను. పింకీ బుట్టలోంచి పనసకాయ చిప్స్ తీసి ఇచ్చింది. తర్వాత అదే బుట్టలోంచి తన అలారం తీసింది! గొట్టం లేదు. సెన్సార్ పైన టిఫిన్ డబ్బా మూత గొడుగులా బిగించింది, నాలుగు వైపులా గాలి ఆడేలా. కందిరీగకి మూల దొరకదు. పక్కనే మాస్టారు చెప్పిన బిరడా. మాస్టారి బొమ్మ చూసి మొన్ననే కట్టిందట! ఇద్దరం గంతులు వెయ్యడం ఒక్కటే తక్కువ.

సెప్టెంబర్ 7

పింకీని గెడ్డవలస తీసుకెళ్లాను. చిన్నాన్న మా చేతుల్లో పెట్టె చూడగానే గేదెల్ని తోలుకుని అటు వెళ్లిపోయాడు. పిన్ని మాత్రం కల్వర్టు గట్టున కూర్చుంది.

"ఒకపాలి అబద్ధమాడినోడి మాట రెండోపాలి ఎవుడు ఇంటాడే?"

పింకీ తడుముకోలేదు. "అందికే పిన్నీ, ఈపాలి ఇద్దర్ని తెచ్చినాను. ఇదొకటి పైనుంచి సూస్తాది, అదొకటి నీళ్లలో ఉంటాది. ఇద్దరూ ఒక్క మాట అంటేనే మోగుతాది. కావలిస్తే మూత కింద సెయ్యెట్టు."

పిన్ని చెయ్యి పెట్టింది. మోగలేదు. బిరడా ఎత్తింది. మోగలేదు. రెండూ ఒకేసారి చేసింది. ఫోన్ మోగింది, నా గొంతు మొదలైంది. పిన్ని ముఖం చిట్లించింది.

"ఇదొద్దు. నువ్వు దయసేసి అంటావు. దయసేసి అంటే ఎవుడొస్తాడు? నా గొంతెట్టు. రాకపోతే నాను తిడతానని అందరికీ తెలుసును."

అక్కడికక్కడే రికార్డు చేశాం: "ఒరే, గెడ్డొచ్చేస్తంది! అక్కడేటి సేస్తన్నారు, బేగి ఇవతలికి రండి!" పింకీ, నేను నవ్వి నవ్వి గట్టు మీద కూలబడ్డాం. పిన్ని నవ్వలేదు. ఇంకోసారి వినిపించమంది.

సెప్టెంబర్ 9

గెడ్డ అలారం పేజీలో నా బొమ్మ నేనే తీసేశాను. పింకీ రాసిన వాక్యం తిరిగి పెట్టాను. కారణం: "ఈమె చెప్పింది నిజం. నేను చూశాను." ప్రతి పేజీ పైనా పెద్ద అక్షరాలతో "అడగండి, కాదనండి, ఇక్కడ" అని చర్చకి దారి పెట్టాను. ఉపేంద్ర ఫోరంలో ఒక మాట రాశాడు: ఏ చర్చ తేలినా, తేలిన సంగతి పలకలో పెట్టాలి, ఆ చర్చకి లింకుతో సహా. కొట్లాట ఒకచోట, తీర్పు ఒకచోట, మధ్యలో దారి. మేమిద్దరం మూడు నెలలు పోట్లాడుకుని సాధించింది ఇదా అని ఇద్దరం నవ్వుకున్నాం.

సెప్టెంబర్ 18

మాస్టారు పలకలో ఖాతా తెరిచారు! మొదటి పనే నా అక్షర దోషాలు దిద్దడం.

సెప్టెంబర్ 26

పాతపట్నం వైపు నుంచి ఒకాయన, బొబ్బిలి నుంచి ఇద్దరు. పేజీ మారుతూనే ఉంది. బిరడా బదులు నూనె డబ్బా వాడొచ్చా అని చర్చలో పెద్ద యుద్ధం. చదువుతుంటే పూనకం వస్తోంది!

అక్టోబర్ 9

మూడు రోజులుగా వాయుగుండం. ఇక్కడ తుంపరే. కొండల్లో దంచుతోందట. పిన్నికి ఫోన్ చేస్తే, "ఏటి లేదు, గెడ్డ పడుకున్నాది" అంది. చిన్నాన్న గేదెల్ని మేపడానికి అటే తోలాడట, వద్దన్నా వినకుండా.

అక్టోబర్ 10, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం కొట్లో ఉండగా ఫోన్ మోగింది. ఎత్తగానే పిన్ని గొంతు: "ఒరే, గెడ్డొచ్చేస్తంది!" యంత్రం. బస్తాల మధ్య నిలబడిపోయాను. నిజమా, మళ్లీ అబద్ధమా? అంతలో పింకీ ఫోన్. తన నెంబరు కూడా ఆ జాబితాలో ఉంది. "మేడం, రెండూ అన్నాయి! ఇద్దరూ అన్నారు!" పిన్నికి చేస్తే ఎత్తదు. చిన్నాన్నకి చేస్తే ఎత్తడు. బావ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని తనే చేస్తూ ఉన్నాడు, మళ్లీ, మళ్లీ. కొనడానికి వచ్చినవాళ్లు కూడా కదలకుండా నిలబడ్డారు.

చివరికి చిన్నాన్నే చేశాడు. రొప్పుతున్నాడు. వెనకాల నీటి హోరు, గేదెల అరుపు.

"సిన్నాన్నా, ఎక్కడున్నావు?"

"ఇటే ఉన్నానమ్మా, ఇటే. నా కళ్లముందే కల్వర్టు మునిగిపోనాది. ఆకరి గేదె తోక తడిసినాది, అంతే."

"అలారం నమ్మినావా?"

"అలారమేటి? మీ పిన్ని అరిసినాది ఫోన్‌లో! ఎప్పుడూ అరవనంత అరుపు! ఏటైనాదోనని గేదెల్ని కొట్టుకుంటా వచ్చీసినాను. తీరా అడిగితే ఇది ఇంటికాడ దుంపలు ఉడకబెడతన్నాదట!"

గెడ్డ గట్టుకి వచ్చేసిన పిన్ని అసలు గొంతు, పక్కనుంచి: "మిసన్ అని తెలిస్తే వచ్చునా సచ్చినోడు!"

కొట్లో అందరికీ వినపడింది. ఒక్కసారిగా నవ్వులు. అటువైపు చేలల్లో ఉన్నవాళ్లందరూ ఇవతలికి వచ్చేశారట. ఒక్కరు కూడా మిగల్లేదు. బావ కళ్లు తుడుచుకున్నాడు, ఎరువు దుమ్ము పడిందన్నాడు.

అక్టోబర్ 12, ఆదివారం

నిన్నంతా ఫోన్లే. గెడ్డవలస సంగతి పింకీ ఫోరంలో రాస్తే ఊళ్ల పేర్లు వరసగా వస్తున్నాయి: మాకూ కావాలి, మేమూ కడతాం. మాస్టారు ఒకరికి ఏ ఊరు, గెడ్డ వెడల్పెంత అని ఓపికగా అడుగుతున్నారు. మరొకరిని మాత్రం తిట్టారు. పింకీ ఆయన్ని తిరిగి తిట్టింది. ఆయన క్షమాపణ చెప్పలేదు గానీ, జవాబు చెప్పారు. తాళం ఎవరూ వెయ్యలేదు.

సాయంత్రం తీరిక చేసుకుని గెడ్డ అలారం పేజీ తెరిచాను. ఈ నెల రోజుల్లో ఎంతమంది వచ్చి వెళ్లారో. మూత సంగతి పింకీది. బిరడా మాస్టారిది. సిమ్ సిగ్నల్ లేని ఊళ్లలో ఏం చెయ్యాలో బొబ్బిలివాళ్లు రాశారు. రికార్డు చేసే గొంతు ఊళ్లో అందరూ భయపడే మనిషిదై ఉండాలని ఎవరో చేర్చారు. ఎవరో నాకు తెలియదు! ఉపేంద్ర రెండు వాక్యాలు రాశాడు, రాయనన్నవాడు. పైనుంచి కిందికి చదివాను. మళ్లీ చదివాను, నా వాక్యం ఎక్కడైనా ఉందేమోనని. లేదు. ఒక్కటి కూడా లేదు. అన్నిటికంటే బాగా రాశాననుకున్న పేజీలో నేను రాసిన ముక్క ఒక్కటీ మిగల్లేదు.

గట్టిగా అరిచాను. బావ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. చెప్పాను. అర్థమయ్యేదాకా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"మరి ఏడవాల గదా, నవ్వుతావేటి?"

ఏం చెప్పను! పింకీకి చెప్పాలని ఫోన్ చేశాను. బిజీ. మళ్లీ చేశాను. బిజీ. పెట్టేసి చూస్తే నా ఫోనే మోగుతోంది. పింకీ నాకే చేస్తోంది ఇంతసేపూ.